మూఢవిశ్వాసముల పుట్టుపూర్వోత్తరములు

(గోపాల్‌పేటలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు నాలుగు మాటలు చెప్పుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరినపుడు, ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి గొన్న యీ యుపాధ్యాయుని యొద్ద క్రొత్తగా చెప్పదగినది యేమున్నదని సంశయించితిమి. సంఘముయొక్క ఆదాయవ్యయములను గూర్చి చెప్పుటకు కార్యదర్శిగారున్నారు. విద్యార్థుల వసతిని గూర్చి చెప్పుటకు పోషకులున్నారు. మాకు తెలిసినవి రెండే: కొంచెము సంస్కృతము, కొంచెము పిల్లల మనస్సు. ఈ రెంటిని ఆధారముగా గొని, మన యిండ్లలో అందరమును ఎరిగియుండి ఎవ్వరమును విచారింపని యొక విషయమును నేడు ముచ్చటింపదలచితిమి. అదియే మూఢవిశ్వాసముల పుట్టుక.

ఎవరినైనను పరిహసించుటకు ఈ ప్రసంగమునకు పూనుకొనలేదు. పరిహసించు నధికారము మాకు లేదు. ఏలయన మేమును వానిని నమ్మినవారమే, నమ్మి నష్టపడినవారమే. ఆ నష్టమునే మొదట విన్నవించెదము.

అది 1980వ సంవత్సరము ఫిబ్రవరి 16, శనివారము. సిద్ధార్థి నామ సంవత్సర మాఘ బహుళ అమావాస్య. ఆనాడు సంపూర్ణ సూర్యగ్రహణము. చంద్రుని నీడ పడమటి తీరమున కార్వారు ప్రాంతమున మన దేశమును తాకి, రాయచూరు మీదుగా పాలమూరు సీమను దాటి, నల్లగొండ ఖమ్మముల దెసకు సాగి, కోణార్కము పూరీ ప్రాంతమున తూర్పుసముద్రమును చేరినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్-రంగాపురము వేధశాల యా నీడదారిలో నుండుటచే దేశవిదేశముల శాస్త్రజ్ఞులు యంత్రసామగ్రితో అచటికి తరలివచ్చిరి. మన గోపాల్‌పేటయు ఆ దారిలోనిదే. సముద్రములు దాటి వచ్చినవారు చూడగోరిన దృశ్యము మన యింటి నడిమింటనే నిలిచినది.

అప్పటికి మాకు పదునెనిమిదేండ్లు. సంస్కృతము చదువుచు శివరాత్రి సెలవులకు ఊరికి వచ్చియుంటిమి. ఉదయమునుండియే వీథులు నిర్మానుష్యము లయ్యెను. మా నాయనమ్మ వంటపాత్రలపై దర్భలు వేసి, తలుపులు బిగించి, ఇత్తడి పళ్లెములో పసుపునీరు పోసి అందులో రోకలి నిలిపినది. పట్టు పట్టిన క్షణమునుండి విడుచు క్షణమువరకు రోకలి తనంతట నిలుచుననియు, విడువగానే పడుననియు ఆమె చెప్పెను. రోకలి నిలిచెను. మేము చేతులు జోడించితిమి.

మధ్యాహ్నము మూడు గంటలు దాటిన పిమ్మట పైకప్పు పెంకుల సందులనుండి నేలపై పడు వెలుగుచుక్కలు ఒక్కొక్కటి నెలవంకవలె మారెను. గుండ్రనివి కావలసిన చుక్కలు కొడవలి రూపమున నేలనిండ పరచుకొనెను. అది సూర్యబింబముయొక్క ప్రతిబింబమని నేడు ఏ విద్యార్థి యైనను చెప్పగలడు. నాడు నాయనమ్మ అది రాహువు నీడ యని చెప్పి, మాపై పడకుండునట్లు గోనెపట్టా కప్పినది. అంతలో చీకటి పడెను. వాకిటి వేపచెట్టుపైకి పక్షులు గూళ్లకు చేరు కలకలము వినబడెను. పిదప రెండు నిమిషములకు పైగా నిశ్శబ్దము. ఆ నిశ్శబ్దమున మేము గోనెపట్టా క్రింద కన్నులు మూసికొని కూర్చుండియుంటిమి.

ఆ సాయంకాలము మేకలు కాయు బాలుడొకడు ఊరిలోనికి వచ్చి, "సూర్యుడు నల్లగై చుట్టు వెండి వెలుగు వచ్చింది. చుక్కలు పొడిచినై. మేకలన్నీ ఒక్కకాడికి చేరినై" యని చెప్పుచుండగా పెద్దలు వానిని కసరి, స్నానము చేయుమని పంపిరి. వానికి కీడు మూడునని ఊరంతయు ఎదురుచూచినది. నేడు అతడు మనుమలతో మనుమరాండ్రతో సుఖముగా నున్నాడు. ఒకే స్థలమున సంపూర్ణ సూర్యగ్రహణము మరల కనబడుటకు సగటున మూడున్నర వందల యేండ్లకు పైగా పట్టునని ఖగోళజ్ఞులు లెక్క కట్టిరి. అక్షరము రాని బాలుడు చూచినదానిని, అమరము కంఠస్థము చేసిన మేము చూడలేకపోతిమి. ఈ కొరత మాతోనే పోవలసినదే.

ఇట చిన్న హెచ్చరిక యవసరము. గ్రహణకాలమున సూర్యుని వట్టికన్నులతో చూచినచో కంటిలోని రెటీనా కాలి చూపు పోవచ్చును. కాబట్టి పెద్దల భయమున కొంత నిజము లేకపోలేదు. అయితే ఆ హాని సూర్యకాంతివలన కలుగునది కాని రాహువువలన కలుగునది కాదు. తగిన అద్దముతో చూచిన హాని లేదు. సంపూర్ణముగా మరుగుపడిన ఆ కొలది నిమిషములలో అద్దముకూడ అక్కరలేదు. చంద్రగ్రహణమున కన్నులకు భయమే లేదు. నిజమైన యొక చిన్న అపాయముచుట్టు ఎంత పెద్ద భయము అల్లుకొనునో దీనివలన గ్రహింపవచ్చును.

ఇక రోకలి సంగతి. మేము ఉపాధ్యాయులమైన పిమ్మట, ఏ గ్రహణమును లేని యొక సోమవారము, పిల్లలచేత పళ్లెమును రోకలిని తెప్పించి తరగతిలో నిలుపుడంటిమి. రెండు మూడు మార్లు ఒరిగి, పిదప నిలిచెను. మధ్యాహ్నము భోజనపు గంట కొట్టువరకు నిలిచియే యుండెను. రోకలి చివర పొన్ను చదునుగా నుండును. ఓపికతో నిలిపినచో ఏ దినమైనను నిలుచును. మరి యీ సంగతి మన ముత్తాతలకు ఏల తెలియకపోయెను? వారు బుద్ధిహీనులా? కాదు. గ్రహణము లేని దినమున రోకలి నిలిపి చూడవలెనని ఎవ్వరికిని తోచలేదు. అంతే. మూఢవిశ్వాసముల మర్మమంతయు ఈ యొక్క మాటలో నున్నదని మా యభిప్రాయము.

మన తర్కశాస్త్రమున అన్వయవ్యతిరేకములని రెండు పరీక్షలు గలవు. కారణమున్నచోట కార్యముండుట అన్వయము. కారణము లేనిచోట కార్యము లేకుండుట వ్యతిరేకము. రెండును కుదిరిననే కార్యకారణసంబంధము నిశ్చయమగును. మనము సాధారణముగా మొదటిదానితో తృప్తిపడి రెండవదానిని విడుచుచున్నాము. పిల్లి ఎదురైన దినమున పని చెడినది జ్ఞప్తియందుండును. పిల్లి ఎదురైనను పని నెరవేరిన దినములు, పిల్లి ఎదురుకాకయే చెడిన దినములు లెక్కకు రావు. నాలుగు గళ్లలో ఒక్క గడిని మాత్రమే నింపి పద్దు ముగించు కరణమును మనము ఒప్పుకొందుమా? మన మనస్సు దినదినము చేయుచున్నది అట్టి లెక్కయే.

పూర్వులు దీనికి కాకతాళీయన్యాయమని చక్కని పేరు పెట్టిరి. కాకి వచ్చి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒక్కమారే జరిగినవి. చూచినవాడు కాకివలననే పండు రాలెనని తలచెను. ఈ భ్రమ మనుష్యులకు మాత్రమే కలుగునది కాదు. 1948లో అమెరికా దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు స్కిన్నరు ఆకలిగొన్న ఎనిమిది పావురములను వేరువేరు పెట్టెలలో నుంచి, అవి ఏమి చేసినను చేయకున్నను నియమిత కాలమునకు మేత అందునట్లు ఏర్పాటు చేసెను. కొంతకాలమునకు వానిలో ఆరు విచిత్రమైన చేష్టలకు అలవాటుపడినవి. ఒకటి గిరగిర తిరుగును. వేరొకటి పెట్టె మూలకు తల ఎత్తి పొడుచును. ఇంకొకటి తలను లోలకమువలె ఊపును. మేత వచ్చు సమయమున తాము ఏ చేష్టయందుండెనో అదియే మేతను తెచ్చినట్లు అవి వర్తించెను. పావురమును చూచి నవ్వుకొందము. కాని పరీక్షనాడు అదృష్టపు చొక్కా తొడుగుకొని పోవు విద్యార్థులను మేము అనేకులను చూచితిమి.

ఇది పుట్టుకకు మొదటి కారణము. రెండవది అనిశ్చయము. పోలండు దేశమున జన్మించిన మాలినోవ్‌స్కీ అను పండితుడు మొదటి ప్రపంచయుద్ధకాలమున న్యూగినీ సమీపమున ట్రోబ్రియాండు ద్వీపవాసుల నడుమ నివసించి యొక వింతను గమనించెను. ఒడ్డున నిలకడనీటిలో చేపలు పట్టునపుడు వారికి మంత్రము లేదు, తంత్రము లేదు. అచట అపాయము లేదు, ఫలము నిశ్చయము. నడిసముద్రమునకు పోవునపుడు మాత్రము ఎన్నియో మంత్రములు, నియమములు. మనుష్యుని చేతిలో లేనిది ఎంత యెక్కువగా నుండునో మంత్రమునకు అంత చోటు దొరకును.

ఈ సత్యము తెలియుటకు మన పాలమూరువారికి ద్వీపాంతరములకు పోవలసిన పని లేదు. తరతరములుగా మనది ఆకాశమునకు ఎదురుచూచిన సేద్యము. చినుకు పడకున్న పిల్లలు కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింట నీళ్లు పోయించుకొనుచు కప్పతల్లి ఆట ఆడిరి. పంట పోయినచో మూటలు కట్టి దూరదేశములకు పనికి పోయిరి. ఏ యానకట్ట కడ ఏమగునో తెలియదు. ఇల్లు వెడలునపుడు తుమ్ము వినబడినచో గుండె గుభేలుమనుట సహజమే గదా! కల్వకుర్తి ఎత్తిపోతల కాలువనీరు మన జిల్లాలోని అనేక గ్రామముల పొలములకు వచ్చిన పిమ్మట కప్పతల్లి పాటలు మేము విన్నంతలో తగ్గినవి. ఉపన్యాసములు చేయలేని పనిని కాలువ చేసినది. భయమునకు కారణమును తొలగించినపుడు నమ్మకము దానంతటదియే సడలును.

మూడవ కారణము గతానుగతికత్వము. తద్దినమునాడు అల్లరి చేయు పిల్లిని తండ్రి గంప క్రింద మూసిపెట్టగా, కుమారుడు తన తద్దినమునాడు పిల్లికొరకు ఊరంతయు వెదకిన కథ మీరెల్లరు విన్నదే. ఆప్తవాక్యము ప్రమాణమని శాస్త్రము చెప్పినది. నిజమే. కాని ఆప్తుడెవడు? విషయమును ఎరిగినవాడు, ఎరిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పువాడు. మనమన్న ప్రేమగలవారందరును ఆప్తులని మనము పొరబడుచున్నాము. మా నాయనమ్మ ప్రేమలో కొరత లేదు. గోనెపట్టా కప్పినది ప్రేమయే. అయినను ప్రేమ వేరు, ప్రమాణము వేరు.

గ్రహణ విషయమున ప్రమాణము మన భాండాగారములోనే యుండెను. 499లో ఆర్యభటుడు చంద్రుడు సూర్యుని కప్పుటయు, భూచ్ఛాయ చంద్రుని కప్పుటయు గ్రహణములని స్పష్టముగా వ్రాసెను. అటుపిమ్మటి వరాహమిహిరుడు శకునముల నెన్నింటినో సేకరించినవాడయ్యు, గ్రహణమునకు రాహువు కారణము కాదని బృహత్సంహితలో చెప్పెను. 628లో బ్రహ్మగుప్తుడు మాత్రము ఛాయతోనే గణితము చేయుచు, రాహువును కాదన్నవారిని శ్రుతిస్మృతి విరుద్ధులని ఆక్షేపించెను. అంత గణితజ్ఞుడు ఇట్లు వ్రాసెనేమని 1030 ప్రాంతమున అల్ బిరూనీ వగచెను. సత్యమెరిగియు లోకమునకు జంకి మరొకటి పలుకు పండితుని వలన కలుగు కీడు, ఎరుగని పామరునివలన కలుగదు. మన పంచాంగకర్తలు గ్రహణమును నిమిషములతో సహా ముందుగా వ్రాయుచున్నారు. రాహువు కోపముతో మ్రింగువాడైనచో ఆ కోపమునకు గణితమెట్లు కుదురును?

ఈ గోపాల్‌పేట ఒకనాడు సంస్థానము. విద్వద్గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానముల సరసన దీనికిని పేరుండెను. ఈ సీమ పండితులను పోషించినది. ఈ సీమవాడే యైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధములకంటె ప్రజల ఆచారములకు, నమ్మకములకు చోటిచ్చి, మన బ్రదుకును మనమే పరిశీలించుట నేర్పిరి. 1910లో తోకచుక్క కనబడి దేశము భీతిల్లినపుడు గురజాడ అప్పారావుగారు దానిని భయహేతువుగా గాక శుభసూచకముగా చూపి ముత్యాల సరములు రచించిరి. ఆ హేలీ తోకచుక్కయే 1986లో మరల వచ్చి, ఎవరికిని కీడు చేయక తన త్రోవను తాను పోయెను. అట్టి వారసత్వము గల మనము విచారణకు వెనుదీయరాదు.

నమ్మినంత మాత్రమున కలుగు హాని యేమని కొందరు మిత్రులు అడుగుదురు. బండికి నిమ్మకాయ మిరపకాయలు కట్టినచో ఖర్చు స్వల్పమే. బల్లి మీదబడినచో స్నానము చేయుట మేలే. అట్టివానితో మాకు తగవు లేదు. కాని కొన్ని నమ్మకముల వెల మనుష్యులు చెల్లించుచున్నారు.

మన భాషలో చీలిన పెదవికి గ్రహణపుమొర్రి యని పేరు. ఆ పేరులోనే తల్లిపై నేరారోపణ యున్నది. మేము పనిచేసిన యొక గ్రామమున అట్టి బిడ్డ పుట్టగా, గ్రహణమునాడు కూరగాయలు తరిగితివని అత్తవారు కోడలిని పుట్టింటికి పంపివేసిరి. మేము పంచాంగము తీసి లెక్క చూచితిమి. వారు చెప్పు గ్రహణమునాటికి ఆమెకు ఎనిమిదవ నెల. గర్భము ధరించిన మూడు మాసములలోపలనే శిశువుయొక్క పెదవియు అంగిలియు కూడుట ముగియును. కూడకపోవుటకు వంశలక్షణము, పోషకలోపము, పొగాకు, కొన్ని మందులు మొదలైనవి కారణములని వైద్యులు చెప్పుదురు. ప్రపంచమున ఇంచుమించు ఏడువందల జననములకు ఒకటి ఇట్లగుచున్నది. గ్రహణములను గూర్చి ఏ భయమును లేని దేశములందును అగుచున్నది. అదే గ్రహణమునాడు ఆ వీథిలోనే గర్భవతులైన మరియిద్దరి బిడ్డలు చక్కగా పుట్టిరి. ఈ లెక్క విని మామగారు చాలసేపు ఊరకుండిరి. పిమ్మట కోడలు ఇంటికి వచ్చినది. పెదవికి మూడు మొదలు ఆరు నెలల వయస్సున, అంగిలికి ఏడాదిన్నరలోపల శస్త్రచికిత్స చేయుదురు. ఆ బిడ్డకు అది ఆలస్యముగానైనను జరిగినది. నేరము మోపుటలో గడచిన నెలలు మాత్రము మరల రాలేదు.

అట్లే బాణామతి, చేతబడి యను అనుమానముతో ఒంటరి వృద్ధులను, దిక్కులేని స్త్రీలను కొట్టిన వార్తలు మన తెలంగాణమునుండి పలుమారు వచ్చినవి. జ్వరమునకు వైద్యుడు దొరకనిచోట శత్రువు దొరకును. రోగి ఆసుపత్రికి పోవలసిన సమయము పొరుగువానిపై పగ సాధించుటలో పోవును.

చివరగా, చెప్పుటకు మాకు కష్టమైన సంగతి యొకటి. మా తల్లి చిన్న వయస్సుననే వైధవ్యము పొందినది. కూలి చేసి మమ్ము చదివించినది. మొదటి యుద్యోగమునకు మేము బయలుదేరు నాడు, తెల్లవారుజామున లేచి సద్దికట్టి, మేము గడప దాటు సమయమున తలుపు వెనుకకు పోయి దాగికొనినది. తాను ఎదురైనచో మాకు కీడగునని ఆమె భయము. "అమ్మా, నీవే ఎదురు రమ్ము" అను మాట మా నాలుకపైకి వచ్చెను. వాకిట పెద్దలు నిలిచియుండిరి. మేము జంకితిమి. పొరుగింటి పుణ్యస్త్రీ ఎదురు వచ్చెను. మేము బస్సెక్కితిమి. బ్రహ్మగుప్తుని తప్పు ఎంచుట మాకు సులభమే. ఆనాటి మా తప్పును ఎంచుట ఇన్నేండ్లకు గాని సాధ్యపడలేదు. ఆమె నేడు లేదు.

సోదరులారా! దైవభక్తి వేరు, భయము వేరు. ఆచారములనన్నిటిని పారవైచుడని మేము చెప్పము. అట్లని ప్రతి యాచారమునకు ఏదో యొక శాస్త్రరహస్యమును కల్పించి సమర్థించుటయు తగదు. అదియు నొక క్రొత్త మూఢవిశ్వాసమే. రాత్రి గోళ్లు తీయరాదను మాట దీపపు గ్రుడ్డివెలుగు నాటిదని ఊహింపవచ్చును. ఊహను ఊహ యనియే చెప్పవలెను. తెలియనిదానిని తెలియదనుట పండితునికి అవమానము కాదు.

కావున ఈ మహాసభ ముందు మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది: మన యిండ్ల పిల్లలు "ఎందుకు?" అని యడిగినపుడు కసరకుడు. తెలిసిన చెప్పుడు, తెలియకున్న వారితో కూడి రోకలి నిలిపి చూడుడు. రెండవది: రాబోవు గ్రహణమునాడు మన గర్భవతులను ఆకలితో చీకటిగదిలో కదలక పడియుండునట్లు నిర్బంధింపకుడు. వేళకు అన్నము నీరు పెట్టుడు. పిల్లలకు తగిన అద్దములు సంఘమే తెప్పించి, పెద్దల సమక్షమున చూపించునుగాక! మూడవది: ఈ సంవత్సరము మన సంఘమున జరుగు వివాహములలో, భర్తలేని తల్లి యున్నచో, ఆమెను తలుపు వెనుక నిలుపకుడు. మొదటి అక్షతలు ఆమెచేత వేయింపుడు. బిడ్డ మేలు కోరుటలో ఆమెకంటె శుభశకునము వేరొకటి కలదా?

మూడవ మనవిని ఒక్క యిల్లు ఆచరించినను ఈ వృద్ధోపాధ్యాయుని ఋణము కొంత తీరినట్లే.